ఊరుమ్మడి పర్యాటకం – పల్లె ఆర్థికం

ఒక ఊరిని చూడటానికి బయటివాళ్ళు వచ్చినప్పుడు వారికి బస, భోజనం ఏర్పాటు చేయడం, దారి చూపడం, ఊరి సంగతులు చెప్పడం వంటి పనులన్నీ ఆ ఊరివాళ్ళే చేసుకుని, ఎంతమందిని రానివ్వాలో, ఎంత తీసుకోవాలో తామే తీర్మానించుకుని, వచ్చిన దానిలో కొంత ఊరి ఉమ్మడి అవసరాలకు పక్కన పెట్టుకునే పద్ధతిని ఊరుమ్మడి పర్యాటకం లేదా సాముదాయిక గ్రామీణ పర్యాటకం అంటారు. పొలిమేరలో పట్నం వాళ్ళు కట్టిన రిసార్టు చుట్టూ ఎంత పచ్చదనం ఉన్నా అది ఈ కోవలోకి రాదు. అక్కడ ఊరివాళ్ళకు దక్కేది కూలి మాత్రమే. ఇక్కడ కూలితో పాటు యాజమాన్యం, పెత్తనం కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంటాయి. వ్యవసాయ పర్యాటకం, అడవి పర్యాటకం, చేతివృత్తుల ఊళ్ళ సందర్శన దీనికి రకరకాల రూపాలు. ఇవి పల్లెకు మేలు చేశాయా లేదా అన్నది వచ్చినవాళ్ళ లెక్కను బట్టి తేలదు. వాళ్ళు ఖర్చుపెట్టిన రూపాయిలో ఎంత ఊళ్ళో నిలిచింది, ఎవరి చేతిలో నిలిచింది అన్నదాన్ని బట్టే తేలుతుంది.

పుట్టుపూర్వోత్తరాలు

సెలవులకు పల్లెకు పోయి రైతు ఇంట్లో ఉండటం ఐరోపాలో పాత అలవాటే. 1985లో ఇటలీ చేసిన చట్టం దానికి కట్టుదిట్టమైన రూపం ఇచ్చింది. అతిథులను పెట్టుకునే వీలు సాగుచేసే రైతుకే ఉండాలి, ఆతిథ్యం సాగుకు తోడుగానే సాగాలి అన్నది ఆ చట్టం సారాంశం. అదే ఏడాది కెనడాలో పనిచేస్తున్న పీటర్ మర్ఫీ పర్యాటకాన్ని స్థానిక ప్రజల వైపు నుంచి చూడాలని వాదిస్తూ రాసిన పుస్తకం వెలువడింది. ఈ విషయం మీద చదివేవాళ్ళు ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెడతారు. 1996లో నమీబియా చట్టం మార్చి, ఉమ్మడి భూముల్లోని వన్యమృగాల మీద, పర్యాటకం మీద హక్కులను అక్కడి సముదాయాలకే ఇచ్చింది. 1997 నాటికి నేపాల్లోని సిరుబారి గ్రామం ఊరంతా ఒక్కటిగా అతిథులను ఆహ్వానించి, వంతులవారీగా ఇళ్ళకు పంపే పద్ధతి మొదలుపెట్టింది.

మన దేశంలో ఇది ప్రభుత్వ పథకంగా వచ్చింది పదో పంచవర్ష ప్రణాళికలో, అంటే 2002 తర్వాత. కేంద్ర పర్యాటక శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి 36 గ్రామాలను ఎంచుకున్నాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి పోచంపల్లి, శ్రీకాళహస్తి, పుట్టపర్తి వాటిలో ఉన్నాయి. కట్టడాలకు 50 లక్షల రూపాయల దాకా, శిక్షణకు, సంఘాలు పెట్టుకోవడానికి 20 లక్షల దాకా ఇవ్వడం పథకం కొలత. ఈ కొలతలోనే లోపం ఉంది. భవనం ఏడాదిలో లేస్తుంది. నలుగురు కూర్చుని లెక్కలు చూసుకునే అలవాటు ఏడాదిలో రాదు. అందుకే చాలాచోట్ల భవనాలు మిగిలాయి, వాటిని నడిపే సంఘాలు మిగల్లేదు. గుజరాత్ కచ్‌లోని హోడ్కా దీనికి భిన్నం. అక్కడ గ్రామ కమిటీయే భూంగాలనే మట్టి ఇళ్ళతో, గుడారాలతో ‘షామ్-ఎ-సర్హద్’ అనే బస కట్టుకుని తానే నడిపింది. గోడల మీద అద్దాలు పొదిగిన మట్టి పని, లోపల పరిచిన కుట్టుపని ఆ ఊరి ఆడవాళ్ళ చేతివే.

రూపాయి ఎక్కడ నిలుస్తుంది

పర్యాటకుడి డబ్బు ఊరికి వచ్చినంత వేగంగా బయటికి పోతుంది. ఉదాహరణకు ఒక కుటుంబం రాత్రికి 1,500 రూపాయలకు గది, భోజనం ఇచ్చింది అనుకుందాం. బుకింగ్ ఆన్‌లైన్ సంస్థ ద్వారా వస్తే 15 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కమీషన్ పోతుంది. బియ్యం, కోడి, పాలు, కూరగాయలు ఊళ్ళోవే అయితే మిగతాదంతా నాలుగిళ్ళకు చేరుతుంది. బ్రాయిలర్ కోడి, ప్యాకెట్ పాలు, సీసా నీళ్ళు పట్నం నుంచి తెస్తే ఆ ఇంటికి మిగిలేది వంటమనిషి కూలి పాటిదే. అంటే ఎన్ని గదులు ఉన్నాయన్నదాని కన్నా, వంటింట్లోకి సరుకు ఎక్కడినుంచి వస్తోంది అన్నదే ఊరి ఆదాయాన్ని నిర్ణయిస్తుంది.

ఈ సంగతిని దేశంలో అందరికంటే బాగా పట్టుకున్నది కేరళలోని కుమరకోం. వేంబనాడు సరస్సు ఒడ్డున పెద్ద హోటళ్ళు వెలిసి, ఊరివాళ్ళ చేపలవేట, వరిసాగు దెబ్బతిని, నిరసనలు నడిచిన చోటు అది. 2008లో అక్కడ బాధ్యతాయుత పర్యాటకం పేరిట ఒక ఒప్పందం కుదిరింది. హోటళ్ళు కూరగాయలు, కోడిగుడ్లు, కొబ్బరికాయలు ఊరి నుంచే కొనాలి. కుడుంబశ్రీ మహిళా సంఘాలు పండించి అందించాలి. మధ్యలో పంచాయతీ ఉండాలి. మొదట్లో ఇది సాఫీగా సాగలేదు. ఒకరోజు సరుకు వచ్చేది, ఒకరోజు వచ్చేది కాదు. నాణ్యత మీద పేచీలు, ధర మీద పేచీలు. అప్పుడు ధర నిర్ణయించడానికి ఒక కమిటీ, నాణ్యత చూడటానికి ఇంకో కమిటీ వేసుకున్నారు. ధర కొంతకాలం పాటు స్థిరంగా ఉండేలా చూశారు. బీడు పడిన పొలాలు కొన్ని మళ్ళీ సాగులోకి వచ్చాయి. ఈ నమూనాకు ప్రపంచ పర్యాటక సంస్థ 2013 సంవత్సరానికి యులిసిస్ పురస్కారం ఇచ్చింది. 2017లో కేరళ దీన్ని రాష్ట్రమంతటా మిషన్‌గా మార్చింది. గుర్తించవలసిందేమిటంటే, కుమరకోంలో ఆ మహిళల్లో చాలామంది ఇంటికి ఒక్క అతిథీ రాలేదు. అయినా పర్యాటకం డబ్బు వాళ్ళ ఇంటికి చేరింది.

లడాఖ్‌లో హెమిస్ జాతీయ పార్కు లోపలి రుంబాక్ ఊరిది ఇంకో దారి. మంచు చిరుత రాత్రిపూట దొడ్డిలో దూరి మేకలను, గొర్రెలను చంపితే, ఆ కోపంతో జనం చిరుతను చంపేవారు. 2000ల మొదట్లో స్నో లెపర్డ్ కన్సర్వెన్సీ అక్కడ ఇళ్ళలో బస ఏర్పాటు చేయించింది. వచ్చిన ప్రయాణికుడు నచ్చిన ఇల్లు ఎంచుకునే వీలు ఉండదు. వంతు ఎవరిదైతే వాళ్ళింటికే వెళ్ళాలి. దానివల్ల ఇరుగుపొరుగు మధ్య ధర తగ్గించుకునే పోటీ రాదు, రోడ్డు పక్క ఇంటికే లాభం అన్న మాట ఉండదు. ఆదాయంలో కొంత భాగం ఊరి సంరక్షణ నిధికి పోతుంది. చిరుత బతికి ఉంటేనే ప్రయాణికుడు వస్తాడు కాబట్టి, పోయిన గొర్రె లెక్క మారిపోయింది. ఒడిశాలో చిలికా సరస్సు అంచున ఉన్న మంగళజోడిలో కూడా ఇలాంటి మార్పే జరిగింది. అక్కడ పక్షులను వేటాడి అమ్మినవాళ్ళే ఇప్పుడు పడవలో కూర్చోబెట్టి ఆ పక్షులను చూపిస్తున్నారు. ఏ రెల్లు చాటున ఏ పక్షి ఉంటుందో వేటగాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పోచంపల్లి

తెలుగు నేల మీద ఈ విషయం మాట్లాడాలంటే భూదాన్ పోచంపల్లితో మొదలుపెట్టాలి. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరం, యాదాద్రి భువనగిరి జిల్లా. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు సాగుకు భూమి అడగడం, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడటం, భూదానోద్యమం పుట్టడం చరిత్ర. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మొదటిసారి ప్రకటించిన ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో పోచంపల్లికి చోటు దక్కింది. కాని ఈ ఊరికి జనాన్ని రప్పించేది చేనేతే.

ఇక్కడ రంగు ముందు నూలుకు పడుతుంది, తర్వాతే అది బట్ట అవుతుంది. నూలును ఆసు పోయడంతో పని మొదలు. విల్లులా వంచిన చట్రం మీద గుచ్చిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఇది ఇంటి ఆడవాళ్ళ పని, భుజాలు లాగేసే పని. కన్నతల్లి పడే ఈ బాధ చూడలేకే ఆలేరు ప్రాంతపు శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆసు పోసిన నూలు మీద గీతలు గీసి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, అద్దకంలో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, రెండో రంగుకు మళ్ళీ కడతారు. ఇదే చిటికి పని. చివరికి మగ్గం మీద పేక దారాన్ని పడుగులోని గుర్తులకు సరిపోయేలా జరుపుకుంటూ నేస్తారు. ఇలా నేసినదే ఇకత్. ఎంత నేర్పరి నేసినా పువ్వు అంచు సన్నగా చెదిరినట్టు ఉంటుంది. అదే అసలు గుర్తు. బట్టను తిరగేస్తే రెండువైపులా రంగు ఒక్కటే. ఇకత్ డిజైనును మిల్లు బట్టమీద అచ్చుకొట్టి అమ్మే నకిలీలో అంచు కత్తిరించినట్టు ఉంటుంది, వెనకవైపు వెలవెలబోతుంది.

ఒకసారి మగ్గం గుంట పక్కన గంటసేపు కూర్చుని చూసినవాడు ఆ తర్వాత చీర ధర మీద గీసిగీసి బేరమాడడు. పోచంపల్లికి పర్యాటకం చేసే పెద్ద మేలు ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. గదుల అద్దె కన్నా, నకిలీని గుర్తుపట్టగలిగే కొనుగోలుదారు ఆ ఊరికి విలువైనవాడు. పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు 2005 నాటికే వచ్చింది, కాని ఆ గుర్తింపు ఏమిటో కొనేవాళ్ళకు తెలియకపోతే దాని బలం సగమే.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. పట్నం ఇంత దగ్గర కావడంతో వచ్చినవాళ్ళు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. మగ్గం చూసేది నేతగాడి ఇంట్లో, చీర కొనేది మెయిన్ రోడ్డు మీది షాపులో. నేతగాళ్ళలో చాలామంది ఆసాముల దగ్గర నూలు తెచ్చుకుని చీరకింత అని మజూరీకి నేసేవాళ్ళే. చీర తమది కాదు కాబట్టి ఇంటికొచ్చి అడిగినా అమ్మలేరు. ఫోటోలు తీయించుకున్నది నేతగాడు, లాభం గడించింది వేరొకరు. మగ్గం చూపించినందుకు ఇంటికి ఇంత అని రుసుము, సొంతంగా నేసి అమ్ముకునేవాళ్ళకు ఊరి మధ్యలో ఉమ్మడి అమ్మకపు చోటు, నూలు కొనుగోలుకు పెట్టుబడి అన్న మూడూ కుదరనంత కాలం పురస్కారం ఊరి పేరుకే పరిమితం అవుతుంది. ఏటికొప్పాక లక్కబొమ్మల పరిస్థితి ఈ విషయంలో కొంత మెరుగు. అక్కడ అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్క పూసే చేతులే చాలావరకు అమ్మే చేతులు కూడా. సహజ రంగులను తిరిగి వాడుకలోకి తేవడంలో కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది.

మన్యంలో

లంబసింగి, వంజంగి, అరకు, బొర్రా, మారేడుమిల్లి. ఇవాళ తెలుగువాళ్ళు శీతాకాలం రాగానే తలచుకునే ఈ పేర్లన్నీ మన్యంలోవే, అన్నీ అయిదో షెడ్యూలు ప్రాంతంలోవే. కాబట్టి ఇక్కడ పర్యాటకం అంటే ముందు భూమి ప్రశ్న. 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ 1/70 అని పిలిచేది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా నిషేధిస్తుంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు పుట్టింది బొర్రా పంచాయతీలో గనుల లీజుల మీదే. షెడ్యూలు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వరాదని ఆ తీర్పు చెప్పింది. గనుల వంటివాటి నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి నిధిగా పెట్టాలని కూడా అన్నది. బొర్రా గుహల టికెట్ల ఆదాయంలో తమ ఊళ్ళకు వాటా కావాలని గిరిజనులు అడుగుతున్నది ఈ నేపథ్యంలోనే. గుహలను నడిపేది ప్రభుత్వ పర్యాటక సంస్థ. లోపల దారి చూపేది, బయట బొంగులో చికెన్ కాల్చి అమ్మేది చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు. గని లీజు మీద ఇంత స్పష్టంగా మాట్లాడిన చట్టం టికెట్ కౌంటరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించడం న్యాయం కాదు.

1/70 ఉన్నా గిరిజనుల పేరు మీద బయటివాళ్ళు పెట్టుబడి పెట్టి నడిపే బసలు, టెంట్ల మీద ఆరోపణలు తరచూ వస్తుంటాయి. పేరు అద్దెకిచ్చిన కుటుంబానికి దక్కేది నెలకింత అని చిన్న మొత్తం, వచ్చే లాభం అంతా కొండ దిగిపోతుంది. దీనికి విరుగుడుగా చెప్పుకోదగ్గ ప్రయత్నం అటవీశాఖ వన సంరక్షణ సమితులతో చేసింది. ప్రపంచ బ్యాంకు సాయంతో 2002లో సామాజిక అటవీ యాజమాన్య పథకం మొదలయ్యాక మారేడుమిల్లి దగ్గర వాలమూరు వైపు జంగిల్ స్టార్ శిబిరం, నల్లమలలో బైర్లూటి, పచ్చర్ల శిబిరాల వంటివి వచ్చాయి. వాలమూరు వైపు కొండరెడ్లు, నల్లమలలో చెంచులు వంట, కాపలా, దారి చూపడం చేస్తారు. పులి అడుగు తడిమట్టిలో ఎప్పుడు పడిందో చూడగానే చెప్పగల చెంచుకు ఇది కొత్తగా నేర్చుకున్న పని కాదు, తరాలుగా తెలిసిన అడవికి ఇప్పుడు జీతం వస్తోంది. అయినా ఇక్కడ తాళాలు అటవీశాఖ దగ్గరే ఉంటాయి. రేట్లు, బుకింగ్, నిధుల వాడకం మీద తుది మాట సమితిది కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం సాముదాయిక హక్కులను గుర్తించాక అది మరింత న్యాయమైన కోరిక.

వంజంగిది మరో రకం కథ. తెల్లవారుజామున కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం చూసిన వీడియోలు ఫోన్లలో తిరిగాక, కొన్నేళ్ళలోనే జనం వేలల్లో రావడం మొదలైంది. ఊరు సిద్ధం కాకముందే రద్దీ వచ్చిపడింది. మరుగుదొడ్లు లేవు, వాహనాలకు చోటు లేదు, తెల్లారేసరికి కొండంతా ప్లాస్టిక్ సీసాలు. తర్వాత ప్రవేశ రుసుము, చెత్త ఎత్తే ఏర్పాట్లు వచ్చాయి. ఎంతమందిని మోయగలదో ఊరు ముందుగా తేల్చుకోకపోతే జరిగేది ఇదే. సీజను రెండు నెలలు, చెత్త పన్నెండు నెలలు.

ఎవరు మిగిలిపోతారు

మన పల్లెల్లో ఇంట్లో బస అనగానే ఒక సంగతి నిక్కచ్చిగా చెప్పుకోవాలి. అతిథికి ఇవ్వడానికి అదనపు గది, ఇంగ్లీషు మరుగుదొడ్డి, కారు వచ్చే వీధి ఎవరికి ఉంటాయి? భూమి, బంధుబలగం ఉన్నవాళ్ళకు. ఊరి చివర వాడల్లో రెండు గదుల ఇళ్ళవాళ్ళు ఆ లెక్కలోకే రారు. ఏ జాగ్రత్తా లేకుండా మొదలుపెడితే పర్యాటకం ఉన్న అంతరాలనే ఇంకొంచెం పెంచుతుంది. అందుకే వంతుల పద్ధతి, ఉమ్మడి వంటశాల, ఉమ్మడి నిధి అవసరం. గది లేని కుటుంబానికి వంట, బండి, డప్పు, నావ, తోట, దుకాణం ద్వారా వాటా దక్కాలి. ఆడవాళ్ళ సంగతీ అంతే. అతిథి వస్తే తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా చాకిరీ ఇల్లాలిదే, డబ్బు మాత్రం ఇంటి యజమాని జేబులోకి పోతుంది. బ్యాంకు ఖాతా ఆవిడ పేరున ఉండాలన్న ఒక్క నియమం చాలాచోట్ల ఈ తేడాను మార్చగలదు. స్వయం సహాయక సంఘాలు ఊరూరా ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇది కష్టమైన పని కాదు.

ఇంకో మెలిక మన సంస్కారంలోనే ఉంది. అన్నదాత డొక్కా సీతమ్మ పేరు ఇంకా మరిచిపోని కోనసీమలో ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టి డబ్బు అడగడం నామోషీ. సంక్రాంతికి కోనసీమ, భీమవరం వైపు హైదరాబాదు, అమెరికా నుంచి వచ్చే చుట్టాలతో, కోడిపందేలు, ప్రభల తీర్థం చూడవచ్చే జనంతో లాడ్జీలు నిండిపోయినా, చాలా ఇళ్ళు తలుపు తెరుస్తాయి కాని ధర చెప్పవు. ధర కమిటీ నిర్ణయించి, డబ్బు కమిటీయే వసూలు చేస్తే ఈ మొహమాటం తొలగుతుంది. ఆతిథ్యం ఇంటిది, లెక్క ఊరిది అవుతుంది.

పరిమితులు

ఈ పద్ధతిని పొగిడే సాహిత్యం చాలా ఉంది, నిలదీసినది తక్కువ. లాటిన్ అమెరికాలోని ఇలాంటి బసలను పరిశీలించి 2008లో లండన్‌లోని ఓవర్సీస్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వెలువరించిన పత్రం, వాటిలో చాలాచోట్ల గదులు ఏడాదిలో నూటికి 5 వంతులే నిండుతున్నాయని ఎత్తిచూపింది. దాతల డబ్బుతో కట్టి, అమ్మేవాడు లేక మూలపడ్డవి అవి. పెరూలో టిటికాకా సరస్సు మధ్యనున్న తకీలే ద్వీపం గుణపాఠం ఇంకా చేదు. అక్కడివాళ్ళు మొదట్లో సొంత పడవల్లో ప్రయాణికులను తెచ్చుకుని, వంతులవారీగా ఇళ్ళలో ఉంచుకున్నారు. 1990ల్లో పోటీ పేరిట నియమాలు సడలాక పూనో పట్టణపు పడవల కంపెనీలు ప్రయాణాన్ని చేజిక్కించుకున్నాయి. జనం ఎక్కువయ్యారు, కాని మధ్యాహ్నం వచ్చి తిరుగు పడవలో వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ అల్లికలకు 2005లో యునెస్కో గుర్తింపు వచ్చినా, దారి ఎవరి చేతిలో ఉందో ధర కూడా వాళ్ళ చేతిలోనే ఉంది.

2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చినప్పుడు పర్యాటకాన్నే నమ్ముకున్న ఊళ్ళు రాత్రికి రాత్రి ఆదాయం కోల్పోయాయి. పొలం, పశువులు, మగ్గం వదలనివాళ్ళు తట్టుకున్నారు. పల్లెకు పర్యాటకం రెండో పంటగా ఉన్నంతవరకే క్షేమం. కాఫీ తోట, కందిచేను, మగ్గం ముందు నడవాలి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చింది అక్కడి గిరిజన రైతుల సాగే తప్ప సెల్ఫీలు కావు.

ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ గ్రామాల్లో హోంస్టేలను ప్రోత్సహిస్తున్నాయి. నమోదు పత్రం ఇచ్చే ముందు ప్రభుత్వాలు మూడు పనులు చేయాలి. ఏజెన్సీలో ప్రతి హోంస్టేకూ, టెంట్ల శిబిరానికీ షెడ్యూలు ప్రాంతాల పంచాయతీ (పెసా) చట్టం కింద గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయాలి. బొర్రా మొదలు ప్రతి టికెట్ కౌంటరు ఆదాయంలో పక్క ఊళ్ళ వాటాను ఉత్తర్వుగా ప్రకటించాలి. ఆ లెక్కను ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి.